ఢిల్లీ సుల్తానుల కాలంలో స్థానిక ముస్లింలు: వజీరు పదవి దక్కినా వదలని పుట్టుక

ఢిల్లీలో హజ్రత్ నిజాముద్దీన్ దర్గాకు దగ్గరలో, ఇరుకు ఇళ్ల మధ్య చిక్కుకుపోయిన ఎనిమిది పలకల సమాధి కట్టడం ఒకటి ఉంది. దానిని తిలంగానీ సమాధి అంటారు. ఢిల్లీలో ఈ ఆకారంలో కట్టిన మొదటి సమాధి ఇదేనని వాస్తు చరిత్రకారులు చెబుతారు. అందులో ఉన్నది ఫిరోజ్ షా తుగ్లక్ ప్రధాన మంత్రి ఖాన్-ఎ-జహాన్ మక్బూల్. కాకతీయుల ఓరుగల్లు పతనం తర్వాత ఇస్లాం స్వీకరించిన తెలంగాణ మనిషి. సమాధికి ఆ పేరు అలా వచ్చింది.

ఢిల్లీ సుల్తానుల పాలన 1206 నుంచి 1526 వరకు, ఐదు వంశాల చేతుల్లో సాగింది. ఈ మూడు శతాబ్దాల చరిత్ర అనగానే తురుష్కులు, అఫ్ఘాన్లు, హిందూ రాజులు గుర్తొస్తారు. ఈ రెండు పక్షాల మధ్య మూడో వర్గం ఒకటి ఉంది. ఈ దేశంలోనే పుట్టి, ఇస్లాంలోకి మారినవారు, వారి పిల్లలు. నేటి ఉపఖండ ముస్లింలలో అత్యధికుల మూలాలు ఈ వర్గంలోనే ఉన్నాయి. అయినా ఆనాటి పర్షియన్ చరిత్ర గ్రంథాల్లో వీరి గురించి దొరికేది తక్కువ. దొరికిన దానిలోనూ చాలా భాగం వీరిని చిన్నచూపు చూసినవారి కలం నుంచి వచ్చిందే.

ఎవరిని ఏమని పిలిచేవారు

‘నౌ ముసల్మాన్’, అంటే కొత్త ముస్లిం అనే మాట ఆనాటి రచనల్లో తరచుగా కనిపిస్తుంది. అయితే 13వ శతాబ్దం చివర ఢిల్లీలో ఆ మాట ప్రధానంగా మంగోలులకు వర్తించేది. జలాలుద్దీన్ ఖిల్జీ కాలంలో దండెత్తి వచ్చిన మంగోలులలో కొందరు ఇస్లాం స్వీకరించి ఢిల్లీ పరిసరాల్లో స్థిరపడ్డారు. అల్లావుద్దీన్ ఖిల్జీ తన మీద కుట్ర జరుగుతోందన్న అనుమానంతో వీరిని సామూహికంగా చంపించాడు. వీరు స్థానికులు కారు.

స్థానికంగా మారినవారికి, వారి సంతతికి ‘హిందుస్తానీ’ అన్న పేరు వాడేవారు. ఇక్కడ హిందుస్తానీ అంటే మతాన్ని కాదు, పుట్టిన నేలను సూచించే మాట. తురుష్క అమీర్ల నోట ఈ మాటలో కొంత వెటకారం కూడా ధ్వనించేది.

మతం మారిన దారులు

మొదటి దారి బానిసత్వం. యుద్ధాల్లో పట్టుబడినవారిని బానిసలుగా తెచ్చి, ఇస్లాం పేర్లు పెట్టి, సైన్యంలో, కార్ఖానాల్లో, అంతఃపురాల్లో పెట్టేవారు. 1299 గుజరాత్ దండయాత్రలో ఖంభాత్ రేవులో దొరికిన మాలిక్ కాఫుర్ అలాంటివాడే. సుమారు పదేళ్ల తర్వాత అతడు ఓరుగల్లు మీదికి ఢిల్లీ సైన్యాన్ని నడిపించాడు. ఫిరోజ్ షా దగ్గర 1,80,000 మంది బానిసలు ఉండేవారని, వారిలో 12,000 మంది చేతి వృత్తుల పని నేర్చుకున్నారని చరిత్రకారుడు షమ్స్ సిరాజ్ అఫీఫ్ రాశాడు. అంకెలో అతిశయోక్తి ఉన్నా, ఈ దారి ఎంత వెడల్పైనదో దీనివల్ల తెలుస్తుంది. ఇక్కడ సొంత ఇష్టం అన్న ప్రశ్నకు చోటు లేదు.

రెండో దారి రాజాశ్రయం. ఓడిపోయిన రాజుల సేనానులు, భూములు నిలబెట్టుకోవాలనుకున్న స్థానిక పెద్దలు సుల్తాను సమక్షంలో మతం మారేవారు. అలా వచ్చినవారికి సుల్తాను ఖరీదైన దుస్తులు, బంగారు హారం, కడియాలు ఇచ్చే ఆచారం ఉండేదని మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా రాశాడు. ఫిరోజ్ షా కాలంలో మారిన మేవాత్ నాయకుడు బహదూర్ నాహర్ వారసులు ఖాన్‌జాదాలయ్యారు. చౌహాన్ వంశానికి చెందిన కరమ్ చంద్ కాయమ్ ఖాన్ అయ్యాడు. రాజస్థాన్‌లోని కాయమ్‌ఖానీలు తమ మూలపురుషుడిగా చెప్పుకునేది ఇతడినే.

మూడో దారి పన్ను. ఇస్లాం స్వీకరించిన వారికి జిజియా ఉండదని ప్రకటించానని, దాంతో చాలామంది వచ్చి మతం మారారని ఫిరోజ్ షా స్వయంగా చెప్పుకున్నాడు. అప్పటిదాకా మినహాయింపు అనుభవించిన బ్రాహ్మణుల మీద కూడా జిజియా వేసింది అతడే. ఢిల్లీలో వారు నిరసనకు దిగితే రేటు తగ్గించాడు గానీ పన్ను ఎత్తివేయలేదు. అయితే పన్ను ఒక్కటే జనాన్ని మార్చిందనడానికి ఆధారాలు బలంగా లేవు. పల్లెల్లో జిజియాను భూమి శిస్తు నుంచి విడదీసి వసూలు చేసినట్టు కనబడదు. ఆనాటి రాతల్లో ‘ఖరాజ్-ఓ-జిజియా’ అని రెండూ ఒకే మాటగా వస్తాయి. మతం మారినంత మాత్రాన రైతుకు శిస్తు పోయేది కాదు.

నాలుగోది సూఫీల ప్రభావం. దీని గురించి ప్రచారంలో ఉన్న కథలకూ, సూఫీల సొంత మాటలకూ తేడా ఉంది. నిజాముద్దీన్ ఔలియా సంభాషణలను ఆయన శిష్యుడు, కవి అమీర్ హసన్ గ్రంథస్థం చేశాడు. అందులో ఒక శిష్యుడు తన హిందూ బంధువును తీసుకొచ్చి, మీ చూపు పడితే ఇతడు ముస్లిం అవుతాడని ఆశ పడతాడు. ఔలియా కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఎవరో చెప్పిన మాటలకు ఈ జనం మనసు మారదని, సజ్జనుల సాంగత్యం దొరికితే మారవచ్చని అంటాడు. పెద్ద ఎత్తున మతం మార్పించే పనిలో ఉన్న వ్యక్తి అనే మాట కాదిది. సూఫీల ప్రభావం వారి బతుకు కాలంలో కంటే, తర్వాత వారి దర్గాల చుట్టూ తరతరాలుగా పెరిగింది.

రాజధాని దగ్గర తక్కువ, దూరాన ఎక్కువ

కత్తి వల్లే మతం మారితే, కత్తి ఎక్కువ కాలం ఉన్నచోట ముస్లింలు ఎక్కువగా ఉండాలి. జరిగింది దాదాపు దీనికి వ్యతిరేకం. ఢిల్లీ, ఆగ్రాల చుట్టూ ఉన్న గంగా మైదానంలో ముస్లింలు ఎప్పుడూ మైనారిటీగానే మిగిలారు. సుల్తానుల రాజధానులకు దూరంగా ఉన్న తూర్పు బెంగాల్లోనూ, పశ్చిమ పంజాబ్‌లోనూ మెజారిటీ అయ్యారు. 1872లో మొదటి జనాభా లెక్కలు తీసినప్పుడు తూర్పు బెంగాల్ పల్లెల్లో ఇంతమంది ముస్లిం రైతులు ఉన్నారని చూసి బ్రిటిష్ అధికారులే ఆశ్చర్యపోయారు.

ఈ చిక్కుముడిని విప్పే ప్రయత్నం చేసిన చరిత్రకారుల్లో రిచర్డ్ ఈటన్ ముఖ్యుడు. తూర్పు బెంగాల్, పశ్చిమ పంజాబ్ రెండూ బ్రాహ్మణీయ సామాజిక వ్యవస్థ గట్టిగా వేళ్లూనుకోని ప్రాంతాలని ఆయన గుర్తుచేస్తాడు. అక్కడ అడవి కొట్టి, నాగలి పట్టి, స్థిర వ్యవసాయంలోకి వస్తున్న సమూహాలు అదే క్రమంలో, దర్గాల చుట్టూ, మెల్లమెల్లగా ముస్లింలయ్యాయి. బెంగాల్లో ఇది ఎక్కువగా సుల్తానుల తర్వాత, మొగలుల కాలంలో జరిగింది. పంజాబ్‌లో బాబా ఫరీద్ దర్గాతో సంబంధం ఉన్న సియాల్ తెగ వంశావళిని ఈటన్ పరిశీలించాడు. 15వ శతాబ్దం మొదట్లో వారిలో ముస్లిం పేర్లున్నవారు పదో వంతు. 19వ శతాబ్దం మొదటికి గానీ అందరికీ ముస్లిం పేర్లు రాలేదు. నాలుగు వందల ఏళ్లు పట్టిన మార్పు ఇది. ఏ ఒక్క తరమూ తాము ‘మతం మారుతున్నాం’ అనుకుని ఉండకపోవచ్చు.

కింది కులాలు సమానత్వం కోసం ఇస్లాంలోకి వెళ్లాయన్న వాదన కూడా ప్రచారంలో ఉంది. దీనిలో రెండు ఇబ్బందులున్నాయి. కుల కట్టుబాట్లు బలంగా ఉన్న గంగా మైదానంలో మార్పు ఎందుకు తక్కువన్నది మొదటిది. ఆనాటి ముస్లిం పండితులెవరూ ఇస్లాంను హిందూ సమాజంతో పోల్చి సామాజిక సమానత్వ మతంగా చూపలేదన్నది రెండోది. వారిలో కొందరు చెప్పింది సరిగ్గా దీనికి తలకిందులు.

బరనీ లెక్క: కులీనులు, హీనులు

ఆ కొందరిలో ప్రముఖుడు జియాఉద్దీన్ బరనీ. ఢిల్లీ కులీన కుటుంబంలో 1285 ప్రాంతంలో పుట్టాడు. మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో చాలా ఏళ్లు ఉండి, ముసలితనంలో పేదరికంలో రాశాడు. పాలనా నీతి మీద రాసిన ‘ఫతావా-ఎ-జహందారీ’లో మనుషుల గుణాలు పుట్టుకతోనే నిర్ణయమవుతాయన్నది అతడి సిద్ధాంతం. హీన కులజులకు నమాజు, ఉపవాసాల నియమాలకు మించి చదువు చెప్పకూడదని, వారికి పదవులిస్తే రాజ్యం చెడుతుందని వాదించాడు. అతడు హీనులన్నది ఎక్కువగా ముస్లింలుగా మారిన చేతి వృత్తులవారిని, వారి సంతతిని.

బరనీ చెప్పే కథల ప్రకారం ఇది అతడి ఒక్కడి అభిప్రాయం కాదు. ఇల్‌తుత్మిష్ తన కొలువులో 33 మందిని నీచ పుట్టుక కారణంగా తొలగించాడట. వజీరు జునైదీ వంశం గురించి విచారిస్తే పూర్వీకుడు నేతపనివాడని తేలిందట. బల్బన్ ముందు అమ్రోహాలో ఒక లెక్కల పదవికి కమాల్ మహియార్ అనే అతడి పేరు వచ్చింది. ఆ మహియార్ అంటే ఏమిటని సుల్తాను అడిగాడు. తన తండ్రి పేరని, అతడు హిందూ బానిస అని జవాబు రాగానే బల్బన్ సభలోంచి లేచి వెళ్లిపోయాడు. పేరు సిఫార్సు చేసిన అమీర్లకు చీవాట్లు పడ్డాయి. ఆ పదవికి కావలసింది లెక్కలు రావడం. చూసింది తండ్రి ఎవరన్నది.

ఇద్దరి పతనం: రైహాన్, ఖుస్రో ఖాన్

ఈ అడ్డుగోడను దాటే ప్రయత్నం మొదట చేసినవాడు ఇమాదుద్దీన్ రైహాన్. హిందుస్తానీ ముస్లిం, నపుంసకుడు. 1253లో సుల్తాను నాసిరుద్దీన్ మహమూద్ అండతో, అప్పటికే బలవంతుడైన బల్బన్‌ను కొలువు నుంచి పంపించి తాను పెత్తనం చేపట్టాడు. కొందరు తురుష్క అమీర్లు కూడా మొదట్లో అతడి వెంట నడిచారు. ఏడాదికి పైగా నెట్టుకొచ్చాక తురుష్క సర్దారులు ఏకమై సుల్తాను మీద ఒత్తిడి తెచ్చారు. రైహాన్ పోయి బల్బన్ తిరిగొచ్చాడు. ఈ కథ మనకు చెప్పిన మిన్హాజ్-ఎ-సిరాజ్ రైహాన్ హయాంలో ఖాజీ పదవి పోగొట్టుకున్నవాడు. శుద్ధ వంశపు తురుష్కుల మీద ఒక హిందుస్తానీ అధికారం చెలాయించడమే అతడి ప్రధాన ఫిర్యాదు.

ఖుస్రో ఖాన్ ఇంకా పైకి వెళ్లాడు. గుజరాత్ మూలాలున్న ఇతడు మాళవ యుద్ధంలో చిన్ననాడే పట్టుబడి, ఇస్లాంలో హసన్ అనే పేరు పొందాడు. సుల్తాను ముబారక్ షా ఖిల్జీకి అత్యంత ప్రీతిపాత్రుడై, 1318లో ఓరుగల్లు మీదికి సైన్యం నడిపాడు. 1320లో ముబారక్ షాను చంపించి నాసిరుద్దీన్ పేరుతో తానే సింహాసనం ఎక్కాడు. రెండు నెలలకే ఘాజీ మాలిక్, అంటే తర్వాతి ఘియాసుద్దీన్ తుగ్లక్, అతడిని ఓడించి చంపించాడు.

ఖుస్రో ఖాన్ కాలంలో రాజభవనంలో విగ్రహారాధన సాగిందని, ఇస్లాంకు ముప్పు వచ్చిందని బరనీ రాశాడు. మిగతా వివరాలు ఇంత సూటిగా లేవు. ఖుస్రో ఖాన్ ముస్లిం పాలకుడి బిరుదుతోనే నాణేలు వేయించాడు. అతడి సైన్యంలో హిందువులూ ముస్లింలూ కలిసి ఉన్నారని తుగ్లక్ విజయాన్ని కీర్తించిన అమీర్ ఖుస్రోయే రాశాడు. అతడు పంపిన ధనాన్ని నిజాముద్దీన్ ఔలియా స్వీకరించి పేదలకు పంచాడని, తర్వాత ఘియాసుద్దీన్ ఆ సొమ్ము తిరిగి అడిగాడని ప్రసిద్ధి. సింహాసనం కోసం జరిగిన పోరును మతపోరుగా చెప్పడం గెలిచినవారికి అవసరమైంది. ఓడినవాడు కొత్తగా మతం మారినవాడు కావడంతో ఆ పని సులువైంది.

గెలిచినవాడు: మక్బూల్

మక్బూల్ కథ దీనికి భిన్నం. అఫీఫ్ రాసిన దాని ప్రకారం అతడు తెలంగాణ రాజు కొలువులో మన్నన పొందినవాడు. అసలు పేరు పర్షియన్ లిపిలో కన్నూ లేదా కట్టూ అని చదివేలా ఉంది. మారన తన మార్కండేయ పురాణాన్ని అంకితమిచ్చిన కాకతీయ సేనాని నాగయ గన్నయే ఇతడని కొందరు తెలుగు చరిత్రకారులు గుర్తించారు. 1323లో ఓరుగల్లు పడిపోయింది. ఢిల్లీకి తరలిస్తుండగా ప్రతాపరుద్రుడు దారిలో మరణించాడు. గన్న ఢిల్లీలో ఇస్లాం స్వీకరించి మక్బూల్ అయ్యాడు. ఆ మాటకు ‘ఆమోదం పొందినవాడు’ అని అర్థం.

మహమ్మద్ బిన్ తుగ్లక్ అతడిని నాయబ్ వజీరును చేశాడు. ముల్తాను పాలన అప్పగించాడు. ఒక దశలో ఓరుగల్లు మీద ఢిల్లీ తరఫు అధికారి కూడా అతడే. 1330ల మధ్యలో కాపయ నాయకుడు తిరుగుబాటు చేసినప్పుడు మక్బూల్ ఓరుగల్లు వదిలి ఢిల్లీకి పారిపోయాడు. ఒకప్పుడు ఒకే రాజు జెండా కింద ఉన్న మనుషులు ఇప్పుడు కోటకు చెరోవైపు నిలిచారు.

1351లో మహమ్మద్ చనిపోయాక ఢిల్లీలో ఒక పిల్లవాడిని గద్దెనెక్కించే ప్రయత్నం జరిగింది. మక్బూల్ ఆ పక్షాన్ని వదిలి ఫిరోజ్ షా వైపు వచ్చాడు. అందుకు ప్రతిఫలంగా వజీరు పదవి, ఖాన్-ఎ-జహాన్ బిరుదు దక్కాయి. ఫిరోజ్ షా బెంగాల్, సింధు దండయాత్రల్లో నెలల తరబడి దూరంగా ఉన్నప్పుడు ఢిల్లీని నడిపింది మక్బూలే. అతడికి చదవడం, రాయడం రాదని అఫీఫ్ చెబుతాడు. అయినా లెక్కల విషయంలో గట్టివాడు. ఆడిట్ అధికారి ఐనుల్ ముల్క్‌తో తగాదా వస్తే, ఆ అధికారినే సుల్తాను ముల్తానుకు పంపించాల్సి వచ్చింది. ఢిల్లీకి అసలు సుల్తాను ఖాన్-ఎ-జహానే అని ఫిరోజ్ షా అనేవాడట.

మక్బూల్ సుమారు 1369లో చనిపోయాడు. ముల్తానులో పుట్టిన కొడుకు జూనా షా తండ్రి పదవినీ బిరుదునూ పొంది 1387 వరకు కొనసాగాడు. నిజాముద్దీన్ బస్తీలోని కాలీ మసీదు, పాత ఢిల్లీ తుర్క్‌మాన్ గేటు దగ్గరి కలాన్ మసీదు అతడు కట్టించినవే. శాసనాల్లో తండ్రీ కొడుకుల పేర్లున్నాయి. ఓరుగల్లు నుంచి వెళ్లిన కుటుంబం ఢిల్లీ ఆకాశరేఖ మీద తన గుర్తు వదిలింది.

మక్బూల్ ఎందుకు నిలిచాడు, రైహాన్, ఖుస్రో ఖాన్ ఎందుకు పడిపోయారు? కాలం మారడం ఒక కారణం. మహమ్మద్ బిన్ తుగ్లక్ పాత అమీర్లను నమ్మక, కొత్తవారిని పైకి తెచ్చాడు. సారా బట్టీ పెట్టేవాడు, క్షురకుడు, వంటవాడు, తోటమాలి, పాటగాడు రాష్ట్రాలేలుతున్నారని బరనీ వాపోయిన జాబితా ఈ కాలానిదే. అందులో హిందువులూ ఉన్నారు, మారినవారూ ఉన్నారు. రెండో కారణం మక్బూల్ స్వభావం. అతడు సింహాసనం మీద కన్ను వేయలేదు. మారినవాడికి మంత్రి అయ్యే దారి తెరుచుకుంది, రాజయ్యే దారి ఢిల్లీలో తెరుచుకోలేదు.

రాజధాని బయట రాజులు

ప్రాంతీయ రాజ్యాల్లో ఆ దారి కూడా తెరుచుకుంది. గుజరాత్‌లో స్వతంత్ర సుల్తానుల వంశాన్ని 1407లో స్థాపించిన జఫర్ ఖాన్, ఫిరోజ్ షా కాలంలో మతం మారిన సాధారణ్ అనే వ్యక్తి కొడుకు. బెంగాల్లో రాజా గణేశుడి కుమారుడు జదు, జలాలుద్దీన్ మహమ్మద్ పేరుతో 1433 వరకు పాలించాడు. దక్కనులో 1490లో అహ్మద్‌నగర్ నిజాం షాహీని స్థాపించిన అహ్మద్, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి బందీగా బహమనీ కొలువుకు వచ్చిన మాలిక్ హసన్ బహ్రీ కొడుకు. ఈ హసన్ కొంతకాలం రాజమహేంద్రవరం కేంద్రంగా తెలంగాణ తరఫ్‌ను పాలించాడు. విదేశీ వర్గానికి చెందిన మంత్రి మహమూద్ గవాన్‌ను 1481లో బలిగొన్న కుట్రలో ప్రముఖుడు. దక్కనీలు, అఫాఖీల మధ్య సాగిన ఈ వైరం ఒకే మతస్థుల మధ్య పుట్టిన నేల గురించి జరిగిన పోరు.

మారినవారందరూ పాత బంధుత్వాల పట్ల మెత్తగా ఉన్నారనీ కాదు. కశ్మీర్‌లో సుల్తాను సికందర్ కాలంలో ఆలయ ధ్వంసాన్ని, బ్రాహ్మణుల వేధింపులను ముందుండి నడిపించింది సుహభట్టు అనే మంత్రి. అతడు స్వయంగా ఇస్లాం స్వీకరించిన బ్రాహ్మణుడు.

తిరుగు దారి

ఇస్లాంలోకి వచ్చే దారికి బహుమతులున్నాయి. బయటికి వెళ్లే దారికి మరణశిక్ష ఉంది. ముస్లిం స్త్రీ ఒకరు తన ప్రభావంతో మతం వదిలారన్న ఆరోపణతో ఫిరోజ్ షా ఢిల్లీలో ఒక బ్రాహ్మణుడిని సజీవంగా కాల్పించాడని అఫీఫ్ రాశాడు. కేంద్రం పట్టు సడలినచోట మాత్రం తిరిగి వెళ్లినవారున్నారు. కాపయ నాయకుడి బంధువు ఒకరిని సుల్తాను కంపిలికి పంపితే, అతడు ఇస్లాం వదిలి తిరుగుబాటు చేశాడని బరనీ నమోదు చేశాడు. విజయనగర స్థాపకులు హరిహర బుక్కరాయలు మతం మారి తిరిగి వచ్చారన్న కథకు ఇది ఒక ఆధారం. ఆ అన్వయం మీద చరిత్రకారుల్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

మారని పేర్లు, మారని వృత్తులు

కొలువులకు దూరంగా ఉన్న మామూలు జనంలో మార్పు మరోలా ఉంది. మేవాత్‌లోని మియోలు ముస్లింలయ్యాక కూడా గోత్రాలు, హిందూ పేర్లు తరాల పాటు ఉంచుకున్నారు. మేవాత్ పాలకుడు హసన్ ఖాన్ 1527లో ఖన్వా దగ్గర బాబర్‌కు ఎదురుగా రాణా సంగా పక్షాన పోరాడి చనిపోయాడు. ఉత్తర భారతంలో నేతగాళ్లు గుంపుగా మారి జులాహాలయ్యారు, కానీ మగ్గం మారలేదు, ఊళ్లో స్థానం మారలేదు. కబీరు పెరిగింది అలాంటి ఇంటిలోనే.

బరనీ కులీన, హీన విభజన తర్వాతి శతాబ్దాల్లో అష్రాఫ్, అజ్లాఫ్ అనే మాటలుగా స్థిరపడింది. విదేశీ వంశం చెప్పుకునేవారు అష్రాఫ్‌లు, స్థానికంగా మారినవారు అజ్లాఫ్‌లు. ఇప్పుడు పస్మాందా పేరుతో సాగుతున్న వెనుకబడిన ముస్లింల ఉద్యమం ప్రశ్నిస్తున్నది ఈ గీతనే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకు పరిమితం చేసింది. తర్వాత సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ హోదా లభించింది. దళిత మూలాలున్న ముస్లింలకు, క్రైస్తవులకు దక్కలేదు. తెలుగు రాష్ట్రాల్లో దూదేకులవారు బీసీ జాబితాలో ఉండటం, 2007లో మరికొన్ని ముస్లిం సమూహాలను బీసీ-ఇ కింద చేర్చడం ఈ చరిత్రకు కొనసాగింపే. మతం మారినా వృత్తి, దానితో వచ్చిన స్థానం మారలేదన్న గుర్తింపు వాటి వెనుక ఉంది.

స్థానిక ముస్లింల గురించి నేటి చర్చ తరచుగా రెండు కొసల మధ్య ఊగుతుంది. అందరూ కత్తికి భయపడి మారారన్నది ఒకటి, అందరూ సమానత్వం కోసం మారారన్నది మరొకటి. బానిసగా వచ్చిన కాఫుర్, ఓడిన రాజ్యం నుంచి వచ్చిన మక్బూల్, నాలుగు వందల ఏళ్లలో పేర్లు మార్చుకున్న సియాల్ రైతులు, మగ్గం వదలని జులాహాలు ఒకే వాక్యంలో ఇమడరు. వారికి ఉమ్మడిగా ఉన్నది ఒకటే. ఎంత ఎదిగినా, ఎన్ని తరాలు గడిచినా, నీ పూర్వీకులు ఎవరన్న ప్రశ్న వారిని వెంటాడింది. అమ్రోహా లెక్కల పదవికి వచ్చిన కమాల్ మహియార్‌ను బల్బన్ అడిగిన ప్రశ్న అదే.